‘బాణం నిలిచి ఉంది’: యోగదర్శనం మాటను ఎందుకు అనుమానించింది

విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున జరిగే యోగా తరగతుల్లో ఆసనాలు పూర్తయ్యాక, అందరినీ కళ్లు మూసుకోమన్న తర్వాత, శిక్షకులు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది: ‘ఇక ఆలోచనలన్నీ ఆపేయండి.’ పతంజలి యోగసూత్రాల్లో రెండోదైన ‘యోగశ్చిత్తవృత్తినిరోధః’ అన్నదానికి వాడుకలో స్థిరపడిన తెలుగు ఇది. చెప్పడానికి సులువుగా, వినడానికి హాయిగా ఉంటుంది కానీ, మూలంలో లేని మనిషి ఒకడు ఈ తెలుగు వాక్యంలోకి వచ్చి కూర్చున్నాడు. సంస్కృత సూత్రంలో క్రియాపదం లేదు, కర్త లేడు, ఆజ్ఞ అసలే లేదు. దాన్ని తెలుగు చేసేటప్పుడు మాత్రం ‘ఆగడం’ అనాలో ‘ఆపడం’ అనాలో తేల్చుకోక తప్పదు, ఎందుకంటే మన భాష ఆ రెంటినీ వేరుగా ఉంచింది. ఆపడం అన్నామంటే ఆపేవాడొకడు ఉండి తీరాలి.

ఆ ఆపేవాడు ఎవడు? పురుషుడు, అంటే లోపలి శుద్ధ చైతన్యం, కాలేడు, యోగదర్శనం ప్రకారం అతడు చూసేవాడే తప్ప చేసేవాడు కాడు. చిత్తం అందామంటే, ఆగవలసినవే చిత్తవృత్తులాయె. ‘నేను’ అందామంటే, ఆ నేను అనేదాన్ని పతంజలి అస్మిత అని పిలిచి, మనిషిని బాధించే పంచక్లేశాల్లో రెండోదిగా లెక్కపెట్టాడు. మూడో పాదంలోని తొమ్మిదో సూత్రం ఈ చిక్కును కొంత విప్పుతుంది: బయటికి పరుగెత్తించే వ్యుత్థాన సంస్కారాలు, అంటే చిత్తంలో మిగిలిన ఆ రకం ముద్రలు, అణగి, నిరోధ సంస్కారాలు పైకి వచ్చేటప్పుడు చిత్తం పొందే పరిణామమే నిరోధం. అభ్యాసం ఉంది, వైరాగ్యం ఉంది, ప్రయత్నమూ ఉంది. లోపల కూర్చుని పెత్తనం చేసే యజమాని మాత్రం లేడు. ఆ యజమానిని సృష్టించింది మన వాక్యమే. ఏళ్ల తరబడి సాధన చేసేవారు సైతం ‘నేను నా మనసును అదుపులో పెట్టలేకపోతున్నాను’ అని బాధపడుతుంటారంటే, ఆ బాధలో కొంత భాగం వ్యాకరణం పెట్టినదే.

యోగదర్శనానికి ఈ సంగతి బాగా తెలుసు. మాటలు సత్యాన్ని అందుకోలేవన్న సాధారణమైన నిట్టూర్పుతో అది తృప్తిపడలేదు. అంతకంటె ఇరుకైనదీ, అంతకంటె పదునైనదీ ఒక ప్రతిపాదన చేసింది: వాక్యనిర్మాణం ఒకటిగా ఉన్నదాన్ని రెండుగా చీల్చగలదు, రెండుగా ఉన్నవాటిని ఒకటిగా అతికించగలదు, ఈ పని మనకు తెలియకుండానే జరుగుతుంది, దీన్ని భ్రమలో కలిపివేయకుండా విడిగా గుర్తించాలి. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ప్రధానమంత్రి విశాఖ వచ్చినప్పుడు ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా సాగిన వరుసల్లో సుమారు 3 లక్షల మంది ఆసనాలు వేశారు. ఆసనం గురించి యోగసూత్రాల్లో ఉన్నవి 3 సూత్రాలు. మాట, అర్థం, జ్ఞానం అనే మూడింటి సంబంధాన్ని నేరుగా తాకే సూత్రాలు అంతకు రెట్టింపు ఉన్నాయి. మొత్తం 195 సూత్రాల చిన్న గ్రంథంలో ఇది చిన్న వాటా కాదు.

దీనికి కారణం ఆ గ్రంథం పుట్టిన వాతావరణంలోనే ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి పతంజలి పాణిని వ్యాకరణానికి రాసిన మహాభాష్యం ‘అథ శబ్దానుశాసనమ్’ అని మొదలవుతుంది. యోగసూత్రాలు ‘అథ యోగానుశాసనమ్’ అని మొదలవుతాయి. ఇద్దరు పతంజలులూ ఒక్కరేనని సంప్రదాయం నమ్ముతుంది. యోగసూత్రాలు అంతకంటె కొన్ని శతాబ్దాల తర్వాతివని ఆధునిక పండితుల్లో ఎక్కువమంది భావిస్తారు. ఆ వివాదం ఎటు తేలినా, వ్యాకరణం చదువుకున్నవారి ఇంట్లోనే ఈ యోగగ్రంథం పెరిగిందనడానికి సాక్ష్యం మరొకటి ఉంది. మహాభాష్యం మొదటి పుటల్లోనే ఒక ప్రశ్న వస్తుంది: ‘గౌః’ అన్నప్పుడు అందులో శబ్దం ఏది? గంగడోలు, తోక, మూపురం, గిట్టలు, కొమ్ములు ఉన్నదా? కాదు, అది ద్రవ్యం. అదే ఆవు యోగసూత్రాలకు వ్యాసుడి పేరుతో ఉన్న వివరణ అయిన వ్యాసభాష్యంలో, మూడోదైన విభూతి పాదం 17వ సూత్రం దగ్గర మళ్లీ ప్రత్యక్షమవుతుంది: ‘గౌః అనేది శబ్దం, గౌః అనేది అర్థం, గౌః అనేది జ్ఞానం’, మూడూ ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమయ్యాయి, వాటి విభజనమీద సంయమం (ధారణ, ధ్యానం, సమాధి మూడూ కలిపి) చేస్తే సకల ప్రాణుల కూతల అర్థమూ తెలుస్తుంది అంటుంది సూత్రం. ఇలాంటి సిద్ధులపట్ల ఆసక్తి మన ఊరికి కొత్త కాదు; కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీతోపాటు పారాసైకాలజీకి కూడా చోటిస్తూ ఒక విభాగాన్నే నెలకొల్పారు. కానీ ఈ సూత్రంలో నన్ను ఆకర్షించేది ఫలశ్రుతి కంటె ముందు భాగం. పక్షి కూత అర్థమైనా కాకపోయినా, మన సొంత మాటలోనే మూడు వేర్వేరు పదార్థాలు ఒకే పేరుతో తిరుగుతున్నాయన్న గమనింపు అసలైన సరుకు.

ఆ గమనింపును చేపల రేవులో పరీక్షించవచ్చు. గంపలోని పొడవాటి చేపను చూపించి ఒకామె ‘వంజరం’ అంటుంది. ఆ మాటకు హెచ్చుస్వరమో తగ్గుస్వరమో ఉంటుంది. గాలిలో పుట్టి గాలిలోనే పోతుంది. గంపలో ఉన్నదానికి వెండి మెరుపు, పక్కల మీద సన్నని చారలు, బరువు, వాసన ఉంటాయి. కొనడానికి వచ్చినవాడి తలలో కలిగే ‘ఇది వంజరం’ అన్న జ్ఞానానికి స్వరమూ లేదు, వాసనా లేదు. ధర, పులుసు, నిన్నటి బేరం దానికి అంటుకుని ఉంటాయి. శబ్దధర్మాలు వేరు, అర్థధర్మాలు వేరు, జ్ఞానధర్మాలు వేరు, వీటి దారులు విడివిడి అని వ్యాసుడు మొదటిదైన సమాధి పాదంలో రాసింది సరిగ్గా ఇదే. అయినా ఆ మూడింటినీ మనం ఒకే క్షణంలో, ఒకే వస్తువుగా అనుభవిస్తాం. పేరు తెలియని చేప గంపలో కనబడితే కాసేపు తడబడతాం. ఆ తడబాటు సేపు మాత్రమే చేపను చేపగా చూస్తాం.

మాట అనేది ఎలా తయారవుతుందో కూడా వ్యాసుడు వదలలేదు. అక్షరాలన్నీ ఒకేసారి ఉండవు. ‘ఆవు’ అనేటప్పుడు ‘వు’ పలికేసరికి ‘ఆ’ పోయింది. పోయినదాన్నీ ఉన్నదాన్నీ కలిపి ఒక పదంగా పట్టుకునేది చెవి కాదు, బుద్ధి. చెవికి అందేది ధ్వని మాత్రమే. పైగా అదే ధ్వని రెండు పదాలు కావచ్చు: ఉపనయనంలో వటువు ‘భవతి భిక్షాం దేహి’ అన్నప్పుడు ‘భవతి’ తల్లిని పిలిచే సంబోధన, మరోచోట అదే ‘అవుతోంది’ అనే క్రియ. భాష్యకారుడు సరిగ్గా ఈ ‘భవతి’నే ఉదాహరణగా తీసుకుని, పదాన్ని విడదీసి, అది క్రియో కారకమో తేల్చకుండా ముందుకు పోవద్దని హెచ్చరించాడు. యోగభాష్యం మధ్యలో వ్యాకరణ పాఠం ఎందుకని కొందరు పాఠకులు ఈ పుటలను దాటేస్తారు. నా దృష్టిలో గ్రంథానికి ఇవి వెన్నెముకకు దగ్గరగా ఉన్న పుటలు.

ఇక అసలు సూత్రం దగ్గరికి వద్దాం. చిత్తవృత్తులు ఐదు: ప్రమాణం (సరైన జ్ఞానం), విపర్యయం (భ్రమ), వికల్పం, నిద్ర, స్మృతి. వికల్పాన్ని సమాధి పాదం తొమ్మిదో సూత్రం ఇలా నిర్వచిస్తుంది: ‘శబ్దజ్ఞానానుపాతీ వస్తుశూన్యో వికల్పః.’ మాట వల్ల కలిగిన జ్ఞానం వెంట నడిచేది, దాని వెనక వస్తువు లేనిది వికల్పం. పరీక్ష పేపర్లలో ‘వికల్పం’ అంటే ఇష్టమైతే ఎంచుకునే ప్రశ్న అని అలవాటు పడినవారికి ఈ అర్థం కొంచెం కొత్తగా ఉంటుంది. వికల్పానికీ విపర్యయానికీ ఉన్న తేడా గ్రహించడమే ఇక్కడ కీలకం. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెస్తే పాము పోతుంది, అది విపర్యయం. వికల్పం దీపం తెచ్చినా పోదు. వస్తువు లేదని తెలిసిన తర్వాత కూడా మాటల మహిమ వల్ల వ్యవహారం సాగుతూనే ఉంటుందని భాష్యం అంటుంది. కాబట్టి ఇది ప్రమాణంలోకీ చేరదు, భ్రమలోకీ చేరదు; దానికి వేరే గది కట్టవలసి వచ్చింది.

వ్యాసుడు ఇచ్చిన ఉదాహరణలు మూడు రకాలు. మొదటిది ‘చైతన్యం పురుషుడి స్వరూపం’ అన్న వాక్యం. చైత్రుడి ఆవు అన్నప్పుడు చైత్రుడు వేరు, ఆవు వేరు; షష్ఠీ విభక్తి రెండు వస్తువుల మధ్య సంబంధం చెబుతుంది. పురుషుడంటేనే చైతన్యమైనప్పుడు ఎవరి దగ్గర ఏముంది? తలే తప్ప వేరే శరీరం లేని రాహువును పట్టుకుని ‘రాహువు తల’ అన్నట్టే ఇది. విభక్తి ఒకదాన్ని రెండు చేసింది. రెండోది నిషేధం: పుట్టుక అనే ధర్మం లేనివాడు పురుషుడు అంటాం, ఆ లేకపోవడం ఒక ధర్మంగా మారి పురుషుడిలో చేరినట్టు వినబడుతుంది. మూడోది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె కలవరపెట్టేది: ‘తిష్ఠతి బాణః’, బాణం నిలిచి ఉంది. నిలవడం అంటే కదలిక ఆగిపోవడమే. అక్కడ జరుగుతున్న పని ఏదీ లేదు. అయినా క్రియాపదం వేసి, దానికి బాణాన్ని కర్తను చేసి, వర్తమాన కాలం కూడా తొడిగాం. నిలిచింది, నిలుస్తుంది అని భూత భవిష్యత్తులు కూడా చెప్పగలం. ఏమీ చేయని బాణం మూడు కాలాల్లోనూ ఏదో చేస్తున్నట్టు కనబడుతుంది.

మొదటి ఉదాహరణలో ఉన్న సాహసాన్ని గమనించాలి. ‘చైతన్యం పురుషుడి స్వరూపం’ అన్నది ప్రత్యర్థుల వాక్యం కాదు, యోగశాస్త్రం నమ్మే పరమ సిద్ధాంతం. మాటల బలహీనతకు ఉదాహరణ కావలసివచ్చినప్పుడు భాష్యకారుడు తన ఇంటి మూలస్తంభాన్నే చూపించాడు. తన సిద్ధాంతవాక్యం తప్పు అని అతడు అనలేదు. అది వికల్పం అన్నాడు, అంటే అవసరమైనదీ, పనికొచ్చేదీ, కానీ దాని ఆకారాన్ని యథార్థం ఆకారంగా తీసుకోకూడనిదీ అన్నాడు.

విభూతి పాదం 52వ సూత్రం దగ్గర ఇదే నిర్వచనం మళ్లీ వచ్చి మరింత పెద్ద వస్తువును పట్టుకుంటుంది: కాలాన్ని. క్షణం వాస్తవం, కానీ రెండు క్షణాలు కలిసి ఉండవు, కాబట్టి వాటి సముదాయం అనేది వస్తువుగా ఎక్కడా లేదు. ముహూర్తం, పగలు, రాత్రి అన్నీ బుద్ధి పోగుచేసినవి. అందువల్ల కాలం ‘వస్తుశూన్యం, బుద్ధినిర్మాణం, శబ్దజ్ఞానానుపాతి’, లోకులకు మాత్రం వస్తువులాగే తోస్తుంది అంటాడు వ్యాసుడు. ‘కాలం కలిసిరాలేదు’, ‘కాలమే గాయాన్ని మాన్పుతుంది’, ‘మంచి కాలం వస్తుంది’ అని మనం అనే వాక్యాలన్నిటిలో కాలం కర్త. అది రాగలదు, మాన్పగలదు, మొహం చాటేయగలదు. ముహూర్తం దాటిపోతోందని పెళ్లి పందిట్లో పురోహితుణ్ణి తొందరపెట్టేటప్పుడు దాటిపోతున్నది ఏమిటని వ్యాసుణ్ణి అడిగితే, క్షణక్రమం తప్ప మరేమీ లేదంటాడు. అలాగని ముహూర్తం పెట్టడం మానమని చెప్పడు. వికల్పం వ్యవహారాన్ని నడుపుతుందని ముందే ఒప్పుకున్నాడు కదా.

మరి మాట లేకుండా చూడడం సాధ్యమేనా? యోగదర్శనం సాధ్యమే అంటుంది. వస్తువుమీద నిలిచిన చిత్తానికి మొదట శబ్దం, అర్థం, జ్ఞానం కలగలిసే అందుతాయి. దానిని సవితర్క సమాపత్తి అన్నారు. సంకేతాల స్మృతి శుద్ధి అయినప్పుడు, అంటే ‘దీన్ని ఇలా పిలుస్తారు’ అన్న జ్ఞాపకం తొలగినప్పుడు, చిత్తం తన రూపాన్ని కోల్పోయినట్టయి అర్థం ఒక్కటే ప్రకాశిస్తుంది, అది నిర్వితర్కం. సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండి వైశాఖ శుద్ధ తదియనాడు నిజరూప దర్శనం ఇవ్వడం ఈ సూత్రానికి దగ్గరగా వస్తుంది. అయితే పోలిక ఒకచోట తెగుతుంది: యోగదర్శనంలో పూత మూర్తిమీద లేదు, చూసేవాడి చిత్తంలో ఉంది, అందుకే చందనం ఒలవడం అనే పని వస్తువు దగ్గర కాక స్మృతి దగ్గర జరగాలి. ఈ నిర్వితర్క దర్శనాన్ని వ్యాసుడు ‘పరం ప్రత్యక్షం’ అన్నాడు, శ్రుతికీ అనుమానానికీ అదే బీజం అన్నాడు. అంటే శాస్త్రవాక్యాలు కూడా ఎవరో ఒకరి మాటలేని చూపులోంచి మొలిచినవే.

ఈ వాదానికి ఎదురు నిలిచే స్వరం వ్యాకరణ శాస్త్రంలోంచే వచ్చింది. 5వ శతాబ్దపు భర్తృహరి వాక్యపదీయంలో, లోకంలో శబ్దం తోడు లేని జ్ఞానమే లేదు, జ్ఞానమంతా మాటతో అల్లుకున్నట్టుగానే భాసిస్తుంది అన్నాడు. అతడికి శబ్దతత్త్వమే బ్రహ్మం; మాటను తీసేస్తే మిగిలేది శుద్ధదర్శనం కాదు, చీకటి. మరోవైపు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు పేరు, జాతి, గుణం, క్రియ, ద్రవ్యం అనే కల్పనలేవీ అంటనిదే ప్రత్యక్షమని నిర్వచించాడు. అతడి లెక్కలో మొదటి చూపే మాటలేనిది, కల్పన తర్వాత వచ్చి చేరుతుంది. యోగదర్శనం ఈ ఇద్దరి నడుమ ఉంది. మామూలు మనిషి విషయంలో అది భర్తృహరికి దగ్గర, ఎందుకంటే మన అనుభవం సంకీర్ణమనే అంటుంది. గమ్యం విషయంలో దిఙ్నాగుడికి దగ్గర. మాటలేని చూపు మనకు ఊరికే దొరికేది కాదు, సాధించుకోవలసింది అనడంలో దాని ప్రత్యేకత ఉంది. నాకు ఈ మూడింటిలో యోగుల స్థానమే ఎక్కువ నిజాయితీగా కనబడుతుంది. మనం మాటల మధ్యే బతుకుతున్నామని ఒప్పుకుంటూనే, అది శాశ్వతమైన జైలు అనే నిర్ణయానికి తొందరపడలేదు.

మాట ఎందుకు చాలదో ఒక కారణం కూడా చెప్పారు. సమాధిలో పుట్టే ప్రజ్ఞకు విషయం విశేషం, అంటే ఈ ఒక్క వస్తువు. శబ్దం విశేషంతో సంకేతం కుదుర్చుకోదని సమాధి పాదం 49వ సూత్రం దగ్గర భాష్యం అంటుంది. ‘అల’ అన్న మాట ఇప్పుడు రుషికొండ దగ్గర ఒడ్డున విరిగిన ఈ అలకే అంకితమైతే, తర్వాతి అలకు అది పనికిరాదు. అన్నిటికీ పనికొచ్చేలా ఉండాలంటే ఏ ఒక్కదానికీ పూర్తిగా చెందకూడదు. కవి పది విశేషణాలు చేర్చినా అవన్నీ సామాన్య పదాలే.

ఇంత అనుమానం ఉన్నా మాటను బయటికి నెట్టలేదన్నది మరచిపోకూడదు. ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, తాను చూసినదాన్నో ఊహించినదాన్నో ఎదుటివాడికి అందించడానికి మాటలో పెడితే, విన్నవాడిలో కలిగే వృత్తి ఆగమమనే ప్రమాణం. ఈశ్వరుడికి వాచకం, అంటే పేరు, ప్రణవమని (ఓంకారమని), దాన్ని జపించి దాని అర్థాన్ని భావించమని రెండు వరుస సూత్రాలు చెబుతాయి. అక్కడ వ్యాసుడు, ఈ వాచ్యవాచక సంబంధం మనుషులు పెట్టుకున్న ఒప్పందమా, దీపానికీ వెలుగుకూ ఉన్నట్టు సహజమా అని అడిగి, సహజమైనదే, సంకేతం దాన్ని వెల్లడి చేస్తుందంతే అని జవాబిస్తాడు. తండ్రీకొడుకుల సంబంధం ముందే ఉంటే ‘ఇతడు ఇతడి తండ్రి’ అన్న మాట దాన్ని తెలియజేసినట్టు. బాణం విషయంలో మాటను నిలదీసినవాడే ఓంకారం విషయంలో మాటను ఇంతగా నమ్మడం పొంతన లేనట్టు కనిపిస్తుంది. నాకు తోచినంతవరకు, మొదటిచోట అతడు పరీక్షిస్తున్నది వాక్యం కట్టే తీరును, రెండోచోట పేరుకూ పేరుగలవాడికీ ఉన్న బంధాన్ని. ప్రణవానికి విభక్తి లేదు, క్రియ లేదు; వికల్పం దూరడానికి కావలసిన సందు అందులో తక్కువ. ఇది భాష్యంలో ఉన్న సమాధానం కాదు, దాన్ని చదివిన మీదట నేను చేసుకున్న ఊహ.

ఇదంతా సంస్కృతంలో జరిగిన ఆలోచన. తెలుగులో ఆలోచించేవారికి దీనివల్ల అదనపు చిక్కులూ ఉన్నాయి, అదనపు సౌకర్యాలూ ఉన్నాయి. చిక్కులు త్వరగా చెప్పుకోవచ్చు: ఈ శాస్త్రపదాలన్నీ మన నోట్లో ఉన్నవే కావడం. సమాధి అంటే శ్మశానంలో కట్టేది, పురుషుడంటే మగవాడు, వృత్తి అంటే ఉద్యోగం, ప్రత్యయం అంటే డు, ము, వు, లు. పరాయి మాట అయితే అర్థం వెతుక్కునేవాళ్లం. తెలిసిన మాట కావడంతో వెతకం.

సౌకర్యాల దగ్గర కాస్త ఆగాలి. ఐదు వృత్తులనూ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పి చూడండి. ప్రమాణం: నాకు కనబడింది, నాకు తెలిసింది. విపర్యయం: నాకు పాములా తోచింది. నిద్ర: నాకు నిద్ర పట్టింది. స్మృతి: నాకు గుర్తొచ్చింది. కోపం, ఆకలి, భయం కూడా అంతే. అవి వస్తాయి, వేస్తాయి, ‘నాకు’. వచ్చేవి అవి, వాటిని పొందే చోటు నేను. పురుషుడు వృత్తులను చూస్తాడే గానీ చేయడన్న సిద్ధాంతానికి ఈ వాక్యాలు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. ఇప్పుడు మిగిలిన ఐదోదాన్ని, మాటల వెంట నడిచే వికల్పాన్ని చెప్పాలంటే మనకున్న క్రియ ‘అనుకొను’. ఇక్కడ ‘నాకు’ పోయి ‘నేను’ వచ్చింది: నేను అనుకున్నాను. పైగా ఆ క్రియను విడదీస్తే అను, కొను. తనకు తాను చెప్పుకోవడం. ఆలోచనలో పెద్ద భాగం లోపలి మాట అన్న సంగతిని తెలుగు తన ధాతువులోనే దాచుకుంది, ఆ లోపలి మాట మొదలైనచోటే కర్తను కూడా కూర్చోబెట్టింది.

దీన్ని అతిగా లాగకూడదు. ‘నేను చూశాను’, ‘నేను మరిచిపోయాను’ అని కూడా మనమే అంటాం. తెలుగు మాట్లాడినంత మాత్రాన ఎవరూ సాక్షిభావంలో ఉండరు. ‘నాకు కోపం వచ్చింది’ అంటూనే గిన్నెలు విసిరేవారున్నారు. మనం బడిలో చదివిన వ్యాకరణం కిన్, కున్‌లను ‘యొక్క’తో కలిపి షష్ఠీ విభక్తిలో పెట్టిందని గుర్తుంటే, ‘నాకు’ అన్న మాట ఎంత త్వరగా ‘నా యొక్క’ అవుతుందో కూడా అర్థమవుతుంది. వచ్చిపోయే కోపం ‘నా కోపం’గా మారడానికి ఒక్క వాక్యం చాలు. భాష ఒక చూపును అందుబాటులో ఉంచుతుంది, దాన్ని వాడుకోమని బలవంతం చేయదు. దీనికి మించి భాషకు శక్తి ఉందని యోగదర్శనం కూడా అనలేదు.

తెలుగు ఇంకాస్త గట్టిగా సాయపడే చోటు అవిద్య. సంస్కృతంలో ‘అ’ అన్న ఒక్క అక్షరం ఎన్నో రకాల నిషేధాలను మోయాలి. అందుకే సాధన పాదం ఐదో సూత్రం దగ్గర వ్యాసుడు కష్టపడి వివరించాడు: అమిత్రుడు అంటే మిత్రుడు లేకపోవడం కాదు, ఏ మిత్రుడో కూడా కాదు, మిత్రుడికి విరుద్ధుడైన శత్రువు, అలాగే అవిద్య అంటే విద్య లేకపోవడం కాదు, విద్యకు విపరీతమైన మరో జ్ఞానం. మనకు ‘లేదు’ వేరు, ‘కాదు’ వేరు. జ్ఞానం లేదు అంటే ఖాళీ; జ్ఞానం కాదు అంటే ఆ స్థానంలో ఇంకేదో ఉంది. అనిత్యాన్ని నిత్యమనీ, దుఃఖాన్ని సుఖమనీ గట్టిగా తెలిసినవాడిలో ఖాళీ ఏమీ లేదు. నిండుగా ఉంది, వేరేదానితో. అవిద్యను ‘అజ్ఞానం, తెలియకపోవడం’ అని అనువదించే పుస్తకాలు సాధకుణ్ణి సమాచారం పోగుచేసుకోమని పంపిస్తాయి. ‘కాదు’తో అనువదిస్తే, ఇప్పటికే తెలుసనుకున్నదాన్ని తిరగేసి చూడమని పంపిస్తాం.

ఇలాంటిదే ‘ఇవ’ అన్న చిన్న మాట. దృక్శక్తీ దర్శనశక్తీ ఒక్కటే ‘అయినట్టు’ ఉండడం అస్మిత. సమాధిలో చిత్తం స్వరూపం పోయిన‘ట్టు’ ఉంటుంది. ఈ ‘ట్టు’ను అనువాదంలో మింగేస్తే మొదటిచోట పురుషుడూ బుద్ధీ నిజంగానే కలిసిపోతారు, అప్పుడు విడిపోవడం అసాధ్యం, రెండోచోట సమాధి శూన్యమైపోతుంది. మన భాషలో ‘అన్నట్టు, అయినట్టు, ఉన్నట్టు’ ఇంత విరివిగా ఉండగా ఆ అక్షరాలను వదిలేయడం శ్రద్ధాలోపం తప్ప మరొకటి కాదు.

భాష్యం చివరికొచ్చేసరికి, కైవల్య పాదం 33వ సూత్రం దగ్గర, ఈ భాషాపరీక్ష వాక్యాలను దాటి ప్రశ్నలను చేరుకుంటుంది. సంసారానికి అంతం ఉందా, లేదా అని ఎవరో అడిగారు. ప్రశ్నలన్నీ ఒక రకం కావంటాడు వ్యాసుడు. పుట్టినవాళ్లందరూ చనిపోతారా అంటే, అవును అని ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. చనిపోయినవాళ్లందరూ మళ్లీ పుడతారా అంటే విభజించి చెప్పాలి: వివేకం కలిగి తృష్ణ క్షీణించినవాడు పుట్టడు, మిగిలినవాళ్లు పుడతారు. మనుష్యజన్మ శ్రేష్ఠమా అంటే, పశువులతో పోలిస్తే అవును, దేవతలతోనూ ఋషులతోనూ పోలిస్తే కాదు. ప్రశ్నలను ఇలా వర్గీకరించే పద్ధతి బౌద్ధుల పాళీ గ్రంథాల్లోనూ ఉంది. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించిన తొట్లకొండ, బావికొండ భీమిలి దారిలో మనకు కనబడుతూనే ఉంటాయి. సంసారం అంతం కలదా, అనంతమా అన్న ప్రశ్నను మాత్రం ఉన్న రూపంలో జవాబు చెప్పరానిదన్నాడు, ఎందుకంటే ‘సంసారం’ అన్న ఏకవచనం అందరి సంసారాలనూ ఒకే వస్తువుగా మూటగట్టింది. కుశలుడికి, అంటే ఆ వివేకం కలిగినవాడికి, ఆ క్రమం ముగుస్తుంది, ఇతరుడికి ముగియదు; రెంటిలో ఏ ఒక్కటి తేల్చి చెప్పినా దోషమే. ‘తస్మాద్ వ్యాకరణీయ ఏవాయం ప్రశ్నః’, అందువల్ల ఈ ప్రశ్నను విడదీసి వివరించవలసిందే అని ముగించాడు. వ్యాకరణీయం అన్న ఆ మాటనే అతడు ఇంతకుముందు ‘భవతి’ దగ్గర పదం గురించి వాడాడు. ఆ తర్వాత గ్రంథంలో మిగిలింది కైవల్యాన్ని నిర్వచించే 34వ సూత్రం ఒక్కటే.